చేతులకు రాసుకున్న మందు

తువ్వాలు పిండగలిగిన రోజున ఆమె ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

పెద్ద తువ్వాలది, తడిస్తే బండరాయిలా బరువెక్కే రకం. ఎన్నాళ్ళ నుంచో ఆమె దాన్ని పిండటం మానేసి, బకెట్ అంచు మీద వేలాడేసి, నీళ్ళు వాటంతటవి కారిపోయేదాకా కాచుక్కూర్చునేది. వేళ్ళు బిగించిందంటే చాలు, మణికట్టు దగ్గర పుట్టిన పోటు మోచేతి మీదుగా భుజానికెక్కి, మెడ వెనకాల తిష్ట వేసేది. ఆ రోజు ఏదో ధ్యాసలో ఉండి పాతకాలంలోలాగా రెండు చేతులతో మెలితిప్పేసింది. నీళ్ళు ధారకట్టాయి. పోటు రాలేదు. దారిలో ఉండి ఉంటుందిలే, వస్తుంది అని కాసేపు కదలకుండా నిలబడింది. రాలేదు. తువ్వాలు మళ్ళీ బకెట్లో ముంచి మళ్ళీ పిండింది. ఇంకోసారి ముంచింది.

"ఏమోయ్, బావి తవ్వుతున్నావా లోపల?" ముందుగదిలోంచి భర్త కేకేశాడు.

"అయిపోయింది, వస్తున్నా" అంది, గొంతులో నవ్వు బయటపడకుండా జాగ్రత్తపడుతూ. ఆ ఇంట్లో సుఖంగా ఉన్నానని నోరు జారితే ఆ సుఖానికి వెంటనే ఒక పని తగిలిస్తారని ఆమెకు తెలుసు.

భర్త లెక్కల మాస్టారు. బడిలో పదవీ విరమణ అయ్యాక కూడా ముందుగదిలో పిల్లల్ని పోగేసి పాఠాలు చెబుతుంటాడు. చెడ్డవాడని ఎవరూ అనరు. ఆమె కూడా అనదు. కాకపోతే రుజువు కానిది లేనట్టేనన్నది ఆయన పట్టు. ఒళ్ళంతా నొప్పులని ఆమె మొదటిసారి చెప్పినప్పుడు పరీక్షలన్నీ చేయించాడు, ఆ మాట కొట్టెయ్యకూడదు. రక్తం బాగుంది, ఎముకలు బాగున్నాయి, కీళ్ళలో వాపు లేదు. "అన్నీ నార్మలే. మరి నొప్పెక్కడో చూపించు" అన్నాడు. ఆమె చూపించబోయింది. ఎక్కడని చూపిస్తుంది? మెడ, భుజాలు, నడుము, తుంటి, పిక్కలు. పొద్దున ఒకచోట ఉన్నది సాయంత్రానికి ఇంకోచోట. చూపిస్తున్న వేలు కూడా నొప్పే. "వీధిలో వాళ్ళంతా దొంగలేనంటే ఏ పోలీసు నమ్ముతాడే?" అని నవ్వాడు. ఆ జోకు బాగా పేలింది. చుట్టాలు వచ్చినప్పుడల్లా దాన్ని బయటికి తీసేవాడు. టీ కప్పులు అందిస్తూ ఆమె కూడా నవ్వేది.

అత్తగారు బతికి ఉన్నన్నాళ్ళూ "మేమూ కన్నాం, మేమూ చాకిరీ చేశాం, మాకు లేని నొప్పులు మీకెక్కడివమ్మా" అనేది. ఆడపడుచు ఫోనులో "ఒదినా, ఇవాళ ఎక్కడుంది నొప్పి? దాని అడ్రసు మారితే కాస్త చెబుతుండు" అనేది. కన్నకూతురు, తల్లి వడ్డించిన కంచం ముందు కూర్చుని, "నువ్వు ఎక్కువ ఆలోచిస్తావమ్మా, మనసు ఇంకేదైనా పని మీదికి మళ్ళించు" అనేది. మళ్ళించడానికి ఇంట్లో పనులకేం తక్కువ!

అయినా ఆమె వాళ్ళ మీద కోపం పెట్టుకోలేదు. పాపం, వాళ్ళకేం తెలుసు అనుకునేది. కట్టు లేదు, కుట్లు లేవు, జ్వరం లేదు. బయటికి కనపడనిదాన్ని వాళ్ళు మాత్రం ఎలా నమ్ముతారు? వాళ్ళ తరఫున ఆ వకాల్తా తనే పుచ్చుకుని, తనలోనే వాదించుకుని, తనే వాళ్ళని గెలిపించేది. అలా గెలిపించకపోతే ఆ ఇంట్లో మర్నాడు పొద్దున లేవడం కష్టం.

ఆమెకొక ఉద్యోగం కూడా ఉండేది. పుస్తకాలు కుట్టి అట్టలేసే బైండింగ్ షాపులో పని. కాగితాల మడత నొక్కి నొక్కి బొటనవేళ్ళు పనిచేయడం మానేసే రోజులుండేవి. అక్కడి మేస్త్రీ "అమ్మగారి చేతులు మెత్తబడ్డాయర్రా, ఆవిడకి పల్చటి పుస్తకాలివ్వండి" అని అందరి ముందూ వెక్కిరించేవాడు. అయినా ఆమెకు ఆ చోటు ఇష్టం. జిగురు వాసనంటే ఇష్టం. మధ్యాహ్నం కిటికీ పక్కన కూర్చుని, ఇంకా అట్ట పడని పుస్తకంలో నాలుగు పేజీలు చదువుకోవడం ఇష్టం. కూతురికి పాప పుట్టి, కూతురు మళ్ళీ ఉద్యోగంలో చేరాల్సి వచ్చినప్పుడు అందరూ కలిసి ఆమె మంచికే ఒక మాట అనుకున్నారు. "నొప్పుల మనిషివి, ఆ షాపులో పడి ఎందుకు కష్టపడతావు? మానేసి హాయిగా ఇంట్లో ఉండు. పాపని చూసుకున్నట్టూ ఉంటుంది" అన్నాడు భర్త. లేవని తేల్చేసిన నొప్పులు ఉద్యోగం మానిపించేటప్పుడు మాత్రం ఉన్నాయి. ఆమె మానేసింది. చివరిరోజున ఆ కిటికీ దగ్గర కాసేపు ఊరికే నిలబడి వచ్చేసింది.

పాపని అందరూ పిచ్చుక అంటారు. మాట స్పష్టంగా రాదు గానీ నోరు మూతపడదు. పొద్దున్నే కూతురు దించేసి వెళ్ళిపోతుంది, సాయంత్రం వచ్చి తీసుకుపోతుంది. ఆ రెండింటి మధ్య ఎత్తుకోవడం, దించడం, మళ్ళీ ఎత్తుకోవడం. పిచ్చుకకి మంచం మీద నిద్ర పట్టదు. అమ్మమ్మ ఎడమచేతి మీద తల పెట్టుకుని, చెంప ఆనించుకుంటే తప్ప కన్ను మూయదు. ఆ చెయ్యి మొద్దుబారి, తర్వాత మంటెత్తి, తర్వాత తనది కాకుండా పోయేది. అయినా తీసేది కాదు. అంత నమ్మకంగా తన మీద తల పెట్టుకున్న మనిషి అంతవరకూ ఆమె జీవితంలో లేరు.

ఒకసారి పాపని ఎత్తుకుని మెట్లు దిగుతుంటే భుజం ఒక్కసారిగా పట్టు వదిలేసింది. గోడకి జారగిలబడి ఎలాగో పాప పడకుండా ఆపుకుంది. ఆ భయంతోనే ఆసుపత్రికి వెళ్ళింది. ఒంటరిగానే వెళ్ళింది, ఎవరితోనూ చెప్పకుండా.

అక్కడి డాక్టరమ్మ కాగితాలు పక్కన పెట్టి ముందు ఆమె ఒంటి మీద చేతులు వేసింది. మెడ కింద నొక్కి, తుంటి దగ్గర నొక్కి, మోకాలి లోపలివైపు నొక్కి, "ఇక్కడా? ఇక్కడ కూడానా? ఇన్నాళ్ళూ దీంతోనే పనులన్నీ చేసుకున్నారా?" అంది. ఆ చివరి ప్రశ్నకి ఆమె ఎవరూ ఏడవమనకుండానే ఏడ్చింది.

మొదట నొప్పి మాత్రలు, నడక, నిద్రకి కొన్ని జాగ్రత్తలు. కొంత నయం, కొంత లేదు. కొన్నాళ్ళకి డాక్టరమ్మ "నెలసరి ఆగిపోయే రోజుల్లోనే ఇవి ముదిరాయి కదూ?" అని అడిగింది. ఆమె ఆ రెండిటినీ ఎప్పుడూ కలిపి చూడలేదు. వేడి ఆవిర్లు, చెమటలు, తెగిన నిద్ర, ఒళ్ళు నొప్పులు... దేనికదే అనుకుంది. "హార్మోను ఇచ్చి చూద్దాం. అందరికీ పనిచేస్తుందని నేను చెప్పను. దీని సంగతి ఇంకా పూర్తిగా తేలలేదు. దీంతోనే నొప్పి పోతుందని ఆశపెట్టను. ఉన్న మాత్రలు ఉంటాయి, నడక ఉంటుంది, వాటికిది తోడు. మీకు ఆవిర్లు కూడా ఉన్నాయి కాబట్టి ప్రయత్నించొచ్చు" అంది. రొమ్ము పరీక్ష, మిగతా పరీక్షలు చేయించి, గర్భసంచికి రక్షణగా ఒక మాత్రా, ఒంటికి రాసుకునే జెల్లూ రాసిచ్చింది.

ఇంట్లో ఆ సీసా చూసి భర్త చదివాడు. కళ్ళజోడు పైకి తోసుకుని మళ్ళీ చదివాడు. "ఈ వయసులో హార్మోన్లేంటే? మళ్ళీ పడుచుపిల్లవవుతావా? చెప్పు, నేను కూడా జుట్టుకి రంగేయించుకుంటా." పాఠానికి వచ్చిన పిల్లలు ముందుగదిలోనే ఉన్నారు. ఆమె సీసా తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మందు ఇచ్చినప్పుడు నర్సు గబగబా చెప్పింది. తొడ మీద రాసుకోండి, ఆరనివ్వండి, బట్ట కప్పుకోండి, చేతులు కడుక్కోండి, పిల్లలకి అంటనివ్వకండి. ఆమె అన్నిటికీ తలూపింది. చివరి మాటను మాత్రం ప్రతి మందు సీసా మీదా ఉండే మాటే కదా అనుకుంది. ఇంటికి రాగానే పిచ్చుకకి అందకుండా అల్మరాలో పై అరలో, అట్టపెట్టె వెనకాల దాచింది. సీసా అందకపోతే చాలుననుకుంది.

మొదట్లో తొడ మీదే రాసుకుంది. కొన్ని వారాలకి నిద్ర పట్టింది. తర్వాత ఒక పొద్దున మెడ తిప్పితే తిరిగింది. తువ్వాలు పిండింది ఆ రోజుల్లోనే. అప్పుడు, ఇంత మంచి మందు నొప్పి లేని తొడకి రాసి వృథా చేస్తున్నానేమో అనిపించింది. ఏళ్ళ తరబడి నొప్పి బామ్ రుద్దుకున్న చేతులవి. నొప్పి ఉన్నచోటే మందు రాయాలని వాటికి తప్ప ఇంకెవరికి తెలుస్తుంది? భుజానికి రాసుకుంది, మోచేతికి రాసుకుంది, చేతి పొడుగునా రుద్దుకుంది. ఎడమచేతికైతే కాస్త ఎక్కువే రాసింది. పిచ్చుక తల పెట్టుకునే చెయ్యి కదా, బలంగా ఉండాలి.

ఆ రోజులు ఆమె జీవితంలో మంచి రోజులు. పిచ్చుకని రెండు చేతులతో తల పైకెత్తి గిర్రున తిప్పింది. అది కిలకిలా నవ్వి "మల్లీ, మల్లీ" అంది. మళ్ళీ తిప్పింది. కూతుర్ని పెంచేటప్పుడు ఇలా తిప్పానా అని గుర్తుచేసుకోబోయింది. తిప్పినట్టు లేదు. అప్పుడు నొప్పుల్లేవు గానీ తీరిక లేదు.

ఒకరోజు కూతురు పనివేళలోనే వచ్చింది. పాప లేకుండా ఒక్కతే వచ్చింది. చెప్పులు కూడా విప్పలేదు.

"ఆ జెల్ ఎక్కడ రాసుకుంటావమ్మా నువ్వు?"

చేతులకి అని చూపించింది.

కూతురు గుమ్మం పట్టుకుని కూలబడింది. రెండ్రోజుల కిందట స్నానం చేయిస్తుంటే పిచ్చుక ఛాతీ మీద ఒకవైపు చిన్న గడ్డలా చేతికి తగిలిందట. ముట్టుకుంటే ఏడ్చిందట. పిల్లల డాక్టరు చూసి, ఇంట్లో ఎవరైనా హార్మోను మందు ఒంటికి రాసుకుంటున్నారా అని అడిగాడట. "రెండేళ్ళ పిల్లకమ్మా! రెండేళ్ళ పిల్లకి అలా వస్తే నాకు ఎలా ఉంటుంది? నేనేం అనుకుని చచ్చానో తెలుసా ఈ రెండ్రోజులూ?"

"పాపకి... ఏమన్నా అవుతుందా?"

"నీ మందు తగలకపోతే కొన్ని నెలల్లో అదే తగ్గిపోతుందన్నారు. నీకు వాళ్ళు చెప్పలేదా, అంటనివ్వద్దని?"

చెప్పారు. ఆమె తలొంచుకుంది. ఆ తర్వాత స్నానాలగదిలోకి వెళ్ళి ఎడమచెయ్యి తోముకుంది. సబ్బు పెట్టి, పీచు పెట్టి, ఎర్రగా కందిపోయేదాకా తోముకుంది. ఆ చెంప ఆనే చోటు మరీ తోముకుంది. సీసాని చెత్తబుట్టలో పడేసింది. డాక్టరమ్మనీ అడగలేదు, ఎవరూ మానెయ్యమనకముందే జెల్లూ మాత్రా రెండూ మానేసింది.

పిచ్చుకకి నయమైంది. గడ్డ కరిగిపోయిందని, రక్తపరీక్ష బాగుందని పిల్లల డాక్టరు చెప్పాక కూతురు మళ్ళీ దాన్ని దించడం మొదలుపెట్టింది. ఈలోగా నొప్పి కూడా వచ్చేసింది. వెళ్ళినంత మెల్లగా రాలేదు, తన ఇంటికి తాను వచ్చినట్టు దర్జాగా వచ్చి ఎక్కడికక్కడ సర్దుకుంది. ముందైతే అలవాటుండేది. ఇప్పుడు మధ్యలో కొన్నాళ్ళు అది లేని ఒళ్ళెలా ఉంటుందో చూసేసింది. తువ్వాలు మళ్ళీ బకెట్ అంచుకెక్కింది. ఎవరూ ఏమీ అడగలేదు.

డాక్టరమ్మ మాత్రం అడిగింది. అంతా విని, "తప్పు మీ ఒక్కరిదే కాదు. మీకు అర్థమయ్యేలా కూర్చోబెట్టి చెప్పాల్సింది మేము" అంది. "జెల్లుకి బదులు అదే మందుతో పట్టీ ఉంది, మాత్ర ఎప్పట్లాగే వేసుకోండి. తుంటి మీద అంటించుకుంటారు, బట్టల కింద ఉంటుంది. పైకి ఊడి రాకుండా చూసుకుని, పాతది మడిచి పారేస్తే చాలు. పాపని మామూలుగా ఎత్తుకోవచ్చు." పిల్లల డాక్టరుతో కూడా అప్పుడే ఫోనులో మాట్లాడింది. ఆయన కూడా అభ్యంతరం లేదన్నాడు.

ఆమె పట్టీల పెట్టె తెచ్చుకుంది, కానీ విప్పలేదు. తన ఒంటికి తాను మందు వేసుకోవడానికి ఇంకొకరి అనుమతి ఎందుకో ఆమెకు తెలీదు. ఒకసారి తన వల్ల పసిదానికి హాని జరిగింది. అడిగి చేద్దామనుకుంది. సెలవురోజున అందరూ ఉన్నప్పుడు, పెట్టె బల్ల మీద పెట్టి, డాక్టర్లిద్దరూ చెప్పింది చెప్పినట్టు చెప్పింది.

"మళ్ళీనా!" అంది కూతురు.

"రిస్కు సున్నా అని రాసిమ్మను ఆ డాక్టర్ని" అన్నాడు భర్త పేపరు చాటు నుంచి.

"మీరే ఆలోచించండి అత్తయ్యా, చిన్నపిల్ల" అన్నాడు అల్లుడు, మర్యాదగా, ఫోను మీంచి కళ్ళెత్తకుండా.

"బట్టల కింద ఉంటుందమ్మా. దానికి తగలదు. వాళ్ళే చెప్పారు" అంది ఆమె.

"ఊడిపోతే? చెమటకి జారితే? అది తీసి నోట్లో పెట్టుకుంటే? నాకు నిద్ర పట్టదమ్మా. నిన్ను తప్ప ఇంకెవర్నీ నమ్మి నేను దాన్ని వదల్లేను, నీకు తెలుసు." కూతురి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అవి నటన కాదు. "ఎన్నాళ్ళని? అది బడికెళ్ళేదాకా. పదేళ్ళు ఓర్చుకున్నదానివి, ఇంకో రెండేళ్ళు ఓర్చుకోలేవా?"

గదిలో ఎవరికీ ఏమీ వినపడనట్టుంది. ఆమెకు వినపడింది.

"ఓర్చుకున్నానని నీకు తెలుసా?" అని అడిగింది. గొంతు మామూలుగానే ఉంది.

"తెలీకపోవడమేంటమ్మా? నేను కాలేజీకెళ్ళే రోజుల నుంచీ చూస్తూనే ఉన్నాగా. పొద్దున్నే గోడ పట్టుకుని లేచేదానివి. చెయ్యి పైకి లేవక, వంటింటి గట్టు మీద మోచెయ్యి ఆనించి తల దువ్వుకునేదానివి. నాకు వినపడకూడదని కుళాయి తిప్పి ఏడ్చేదానివి. కళ్ళు లేవా నాకు?"

తల్లి ఎంత ఓర్పు గలదో మెచ్చుకుంటున్నాననే అనుకుంది ఆ పిల్ల. ఆమె భర్తవైపు తిరిగింది.

"మీకూ తెలుసా?"

ఆయన పేపరు మడిచాడు. మళ్ళీ విప్పాడు. "తెలిసి మాత్రం ఏం చేస్తాం చెప్పు" అన్నాడు.

ఆమె కుర్చీలో కూర్చుంది. ఇన్నేళ్ళూ పాపం వాళ్ళకి తెలీదు, కనపడదు, నమ్మలేరు అని ఒక్కొక్క మాటా అతికి అతికి వాళ్ళ కోసం కట్టుకున్నదంతా ఏమైంది? వాళ్ళకి కనపడింది. గోడ పట్టుకుని లేవడం కనపడింది. కుళాయి చప్పుడు వెనక ఏడుపు వినపడింది. విని, పక్కకి తిరిగి పడుకున్నారు. పొద్దున లేచి టీ అడిగారు. దొంగల జోకు చెప్పి నవ్వించారు. నమ్మనివాళ్ళనైతే క్షమించొచ్చు. నమ్మినవాళ్ళనేం చెయ్యాలో ఆమెకు తోచలేదు. పరాయివాళ్ళ మధ్య కాపురం చేశానా అనిపించింది. అదీ కాదు. పరాయి మనిషైన డాక్టరమ్మ అడిగింది కదా. వీళ్ళు తనవాళ్ళు కాబట్టే అడగలేదు.

పిచ్చుక బొమ్మ వదిలేసి వచ్చి, రెండు చేతులూ చాపి "ఎత్తూ" అంది. ఆమె వంగింది. నడుములో మెరుపు మెరిసింది. ఎత్తుకుంది. అది తన తల తెచ్చి ఆమె ఎడమచేతి మీద, ఎప్పటి చోటే పెట్టుకుంది. మెత్తటి జుట్టు, పాల వాసన. అలా ఎంతసేపైనా ఉండిపోవచ్చు. చెయ్యి తనది కాకుండా పోయేదాకా ఉండిపోవచ్చు. ఆ మాట తోచాకే పాపని మెల్లగా వాళ్ళమ్మ ఒళ్ళో కూర్చోబెట్టి, బల్ల మీది పెట్టె తీసుకుని లోపలికి వెళ్ళింది.

తిరిగి వచ్చేసరికి ఎవరి చోట వాళ్ళే ఉన్నారు.

"అంటించుకున్నాను" అంది.

"అమ్మా!" కూతురు లేచి నిలబడింది. "అంటే నీకు అదే ముఖ్యమా? పాప కాదా? సరే, అయితే నేను దీన్ని తీసుకురాను. తీసుకురానంటే తీసుకురాను. ఎక్కడో ఒకచోట చేర్పిస్తాను."

"నీ ఇష్టమమ్మా. నేను మాత్రం మానను."

"ఏంటే ఈ మొండితనం, పసిదాని మీద" అన్నాడు భర్త. ఆమె పిచ్చుక బట్టలు, చిన్న దిండు, ఒంటిచెవి కుందేలు బొమ్మ ఒక్కొక్కటే తెచ్చి సంచిలో సర్దింది. కూతురు ఏడుస్తూ చూస్తోంది. వద్దులే అమ్మా, ఉంచు, రేపు తెస్తాను అంటుందేమోనని దిండు దగ్గర కాస్త ఆలస్యం చేసింది. అనలేదు. దిండు కూడా సంచిలోకి వెళ్ళింది.

గుమ్మంలో పిచ్చుక వాళ్ళమ్మ భుజం మీంచి వంగి, సెలవురోజు షికారనుకుని చెయ్యూపింది. ఆమె కూడా ఊపింది. చెయ్యి భుజం దాకా లేచి అక్కడ ఆగిపోయింది. మందు ఒక్కరోజులో పనిచెయ్యదు.

కూతురు మెట్టు దిగబోయి ఆగింది. వెనక్కి తిరగకుండానే అడిగింది.

"రేపు పొద్దున్నే అమ్మమ్మ ఏదని అడుగుతుంది. ఏం చెప్పమంటావు?"

"అమ్మమ్మకి ఒళ్ళంతా నొప్పులమ్మా, తగ్గించుకుంటోందని చెప్పు" అంది ఆమె. "పెద్దయ్యాక ఎప్పుడన్నా అడిగితే, పాపం ఎవరికీ తెలీదని మాత్రం చెప్పకు. అందరికీ తెలుసని చెప్పు."